గుండె లెక్క

గుండెపోటు వచ్చి లేచినవాణ్ణి. సైకిలెక్కుతానంటే మా ఆవిడ ఒప్పుకుంటుందా? డాక్టరుగారు మాత్రం ట్రెడ్‌మిల్లు పరీక్ష చేసి, “తొక్కండి. గుండె నిమిషానికి 125 దాటనివ్వకండి” అన్నారు.

మా మనుమడు నా ఛాతీకి ఒక పట్టీ కట్టాడు. పెడలు క్రాంకుకూ, ముందుచక్రం హబ్బుకూ చెరొక చిన్న బిళ్ల తగిలించాడు. పట్టీ గుండెలోని విద్యుత్తును పసిగడుతుంది. బిళ్లలు తిరుగుళ్లు లెక్కపెడతవి. తీగె లేకుండానే ఆ లెక్కలన్నీ హ్యాండిలు మీది ఫోనుకు చేరతవి.

మొదటి నెల జయనగరంలో మా వరండాలోనే, వెనుకచక్రం స్టాండుకు బిగించి తొక్కాను. చెమటలు కారుతున్నా ఫోను నా వేగం సున్న అంది! ముందుచక్రం కదిలితేగా? బిళ్లను వెనుకకు మార్చాం. అక్కడ గాలి ఆడక, నింపాదిగా తొక్కినా గుండె 120కి పోయేది. ఫ్యాను పెడితే దిగేది. ఇక బయట చల్లగాలిలో నాకు అడ్డేమిటనుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక సైకిళ్లు కారులో వేసుకుని నంది హిల్సుకు పోయాం. శిఖరం 1478 మీటర్ల ఎత్తు. గాలి చల్లగానే ఉంది గాని, మలుపుల్లో వేగం 7 కిలోమీటర్లకు పడిపోయింది, గుండె 131! కుర్రాళ్లు నన్ను దాటిపోతున్నారు. ఒక అంకె చూస్తే రోషం, రెండో అంకె చూస్తే భయం. దిగాను. మనుమడూ దిగి, “నడుద్దాం తాతయ్యా” అన్నాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ ఫోను అందుకుంది.

“పైదాకా తొక్కలేదు” అన్నాను.

“అదే నయం” అని కాఫీ ఇచ్చింది. వచ్చే ఆదివారం ప్రయాణానికి అడ్డు చెప్పలేదు.