స్వామి కళ్ళేవి?

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. నల్లమల కొండలు దూరంగా మనతోపాటే వస్తాయి. మొదట చదునైన చేలు, తరవాత ఏటవాలుగా లేచిన కొండ, పైన మళ్ళీ చదును. పిల్లలూ, ఈ ఆకారం గుర్తుంచుకోండి. దీనితో పని ఉన్నది.

ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు. ఉలిమీద సుత్తె పడే చప్పుడు రోడ్డుమీదికే వినిపిస్తుంది. ఫిలిం వేసే నా పాత కెమెరాతో అక్కడికి వెళ్ళాను. తెల్లపంచె కట్టిన ఒక ముసలి శిల్పి, తాను చెక్కిన నల్లరాతి నరసింహస్వామి పక్కన నిలబడి, "ఎల్లుండి స్వామి లారీ ఎక్కిపోతాడు. ఒక ఫోటో తియ్యి నాయనా," అన్నాడు.

ఆ రాత్రే నంద్యాలలో ఫిలిం కడిగి, మరునాడు ఫోటో చూపించాను. పంచె మడతలన్నీ ఉన్నాయి. విగ్రహం మాత్రం ఒక నల్లముద్ద!

"స్వామి కళ్ళేవి నాయనా? నెలల తరబడి చెక్కినానే!" అన్నాడు శిల్పి.

తప్పు నాదే. వెలుతురు తగిలినచోట ఫిలింలో నల్లని వెండి ఏర్పడుతుంది. అది ఎంత దట్టంగా ఉన్నదో చెప్పే లెక్కే సాంద్రత. పడిన వెలుతురులో పదోవంతే అవతలికి పోతే సాంద్రత 1, నూరోవంతే పోతే 2. 1890లో ఇంగ్లండులో హర్టర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడూ, డ్రిఫీల్డ్ అనే ఇంజనీరూ వెలుతురును రెట్టింపు చేసుకుంటూపోతే సాంద్రత ఎలా పెరిగేదీ గ్రాఫు గీసి చూపారు. దాని ఆకారం ఏమిటనుకున్నారు? అచ్చం మన నల్లమలే!

చేల దగ్గర, అంటే వెలుతురు మరీ తక్కువైనచోట, కాస్త హెచ్చుతగ్గులున్నా సాంద్రత మారదు. కనుకనే కన్నూ, రెప్పా, చెంపా ఒకటైపోయాయి. ఏటవాలులో మాత్రం వెలుతురు రెట్టింపైనప్పుడల్లా సాంద్రత ఒక మెట్టు ఎక్కుతుంది. శిఖరం చేరితే మళ్ళీ తేడాలు పోతాయి.

నా మీటరు తెల్లపంచెను చూసి, వెలుతురు బోలెడున్నదన్నది. నేను నమ్మాను! ఈసారి క్షణంలో 125వ వంతుకు బదులు 30వ వంతు సేపు వెలుతురు పోనిచ్చాను. అంటే సుమారు నాలుగు రెట్లు, రెండు మెట్లన్నమాట. నల్లరాయి చేలు దాటి కొండ ఎక్కింది. పంచె కూడా రెండు మెట్లు ఎక్కింది గాని, శిఖరం దాకా పోలేదు.

లారీ వెళ్ళిపోయాక రెండో ఫోటో తీసుకుపోయాను. శిల్పి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఎడమ రెప్ప కొంచెం దళసరిగా పెట్టినా," అని తనలో తాను గొణుక్కున్నాడు.