ఇరవై ఎనిమిది రోజుల సెలవు

రాయపూర్ నగరంలో మేముంటున్న మోవా ప్రాంతం బల్లపరుపు నేల. సముద్రమట్టానికి ఇంచుమించు 300 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో కొండ అనదగినది కంటికి ఆనదు. ఛత్తీస్‌గఢ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన గౌర్‌లాటా శిఖరమే 1,225 మీటర్లు. అదీ ఎక్కడో ఉత్తరాన బలరాంపూర్ జిల్లాలో ఉంది. ఇటువంటి చోట ఎక్కడం అభ్యసించదలచినవాడికి రైలుపట్టాల మీది వంతెనే గతి. మా మేనల్లుడు కిందటి శీతాకాలమంతా తెల్లవారుజామున ఐదింటికి లేచి, వీపు సంచిలో పదిహేను కిలోల ఇసుక నింపుకొని, మోవా ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతూ దిగుతూ గడిపాడు. పాలు పోసేవాళ్ళు మొదట్లో వాడిని చూసి నవ్వేవారు. తరువాత తరువాత, వాడు కనిపించని రోజున ఏమైందని నన్ను అడగసాగారు.

వాడు మెకానికల్ ఇంజనీరింగు పట్టభద్రుడు. మా ఇంట్లోనే ఉంటూ, సిల్తరా పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఉత్తరకాశీలో 1965లో నెలకొల్పిన నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక శిక్షణకు వాడికి చోటు దొరికింది. శిక్షణ 28 రోజులు. అన్ని రోజుల సెలవు కుదరదన్నాడు పై అధికారి. కుదరకపోతే ఉద్యోగమే మానుతానన్నాడు వీడు. విజయనగరం నుండి మా అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, నువ్వు గవర్నమెంటులో ఉన్నవాడివి, నీ మాటయితే వింటాడు. కాస్త నచ్చజెప్పరా" అని.

నచ్చజెప్పడానికి నాకు తోచిన ఉదాహరణ మల్లి మస్తాన్ బాబు. వాదానికి ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ మరొకటి లేదని తరువాత తెలిసింది.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో 1974లో ఒక గిరిజన కుటుంబంలో పుట్టిన ఆ పిల్లవాడు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్., సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, ఆపైన కలకత్తా ఐ.ఐ.ఎం.లో మేనేజ్‌మెంటు చదువు. మన ఇళ్ళలో పెళ్ళిచూపులనాడు వల్లించదగిన వరుస ఇది. ఇన్ని పట్టాలున్న మనిషి 2015 మార్చిలో, చిలీ, అర్జెంటీనాల సరిహద్దున ట్రెస్ క్రూసెస్ పర్వతం మీద ఒంటరిగా ప్రాణాలు వదిలాడు. ఏప్రిల్ మొదటి వారంలో గాని జాడ దొరకలేదు. అప్పటికి నలభై ఏళ్ళే. ఇదంతా చెప్పి, ఇక ఆలోచించుకో అన్నాను.

వాడికి ఇదంతా నాకంటే బాగా తెలుసు. "2006లో ఆయన ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన తేదీలు చూశారా మావయ్యా? ఏ తేదీ ఏ వారమో చూశారా?" అని మాత్రం అడిగాడు.

చరిత్ర చదువుకున్నవాడికి తేదీలు చూపితే ఊరుకోలేడు. ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకొని లెక్క వేశాను. అంటార్కిటికాలోని విన్సన్ జనవరి 19న, గురువారం. దక్షిణ అమెరికాలో అకొంకాగువా ఫిబ్రవరి 17, శుక్రవారం. ఆఫ్రికాలో కిలిమంజారో మార్చి 15, బుధవారం. ఆస్ట్రేలియాలో కోషియుస్కో ఏప్రిల్ 1, శనివారం. ఎవరెస్టు మే 21, ఆదివారం. ఐరోపాలో ఎల్బ్రస్ జూన్ 13, మంగళవారం. అలాస్కాలో దెనాలి జులై 10, సోమవారం. ఏడు శిఖరాలు, ఏడు వేర్వేరు వారాలు. మొదటి దానికీ చివరి దానికీ నడుమ 172 రోజులు.

వారాలు అలా కుదరడంలో అదృష్టం పాలెంతో ఉండవచ్చు. మంచుతుఫాను పంచాంగం చూసుకొని రాదు కదా! కాని ఆ వరుసలో అదృష్టం లేదు. దక్షిణార్ధగోళపు వేసవి ముగియకముందే విన్సన్, అకొంకాగువాలు పూర్తి కావాలి. ఎవరెస్టు మీద గాలులు నెమ్మదించేది మే నెలలో కొద్ది రోజులే. దెనాలికి జూన్, జులైలు అనువు. ఒకటి తప్పితే తక్కినవి కూడా చెదిరిపోతాయి. ఇది ఇంజనీరు వేసిన ప్రణాళిక. మా బోటి చరిత్ర విద్యార్థులు జరిగిపోయినదానికి తేదీలు కడతారు. ఆయన జరగవలసినదానికి కట్టుకున్నాడు.

కోరుకొండ పేరు నాకు కొత్త కాదు. రాయపూర్, విజయనగరాలను కలిపిన రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే మా నాన్నగారు రైల్వే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు, ఆ దారినే మేము వేసవి సెలవులకు తాతగారి ఊరు వెళ్ళేవాళ్ళం. విజయనగరం రాజుల భవనంలో 1962లో వెలసిన ఆ సైనిక పాఠశాల గోడ బస్సు కిటికీలోనుండి కనబడేది. దాని వెనుక ఒక విగ్రహముందని అప్పుడు తెలియదు. ఆ బడిలోనే చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం జరిపిన ఎవరెస్టు యాత్రలో మరణించాడు. ఆ విగ్రహం ఆయనదే. తనలో పర్వతాల కోరిక పుట్టించినది ఆ విగ్రహమేనని మస్తాన్ బాబు చెప్పుకున్నాడు. తిరిగిరానివాడి విగ్రహాన్ని పదేళ్ళ పిల్లల ఎదుట నిలబెట్టడం సబబేనా అన్న ప్రశ్నకు నాకు ఈనాటికీ జవాబు దొరకలేదు. మా అక్కకు మాత్రం సందేహమే లేదు.

మరునాడు వాడితో నా అసలు మాట చెప్పాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదు, ఉద్యోగమో కొండలో ఏదో ఒకటి తేల్చుకో అని. "మస్తాన్ బాబు కూడా ఉద్యోగం వదిలినవాడే" అన్నాను.

"ఆయన వదిలారు. నేను వదలనంటున్నాను. ఇరవై ఎనిమిది రోజులు అడుగుతున్నాను, అంతే" అన్నాడు. జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీలో ఉద్యోగిగా ఉంటూనే బచేంద్రీ పాల్ దశాబ్దాలపాటు సాహసయాత్రలు నడిపిన సంగతి కూడా ఎత్తాడు.

రెండు పడవల సామెత నాకు ఎవరో చెప్పినది కాదు, నాకు నేనే చెప్పుకున్నది. చరిత్రలో ఎం.ఏ. అయ్యాక సిర్‌పూర్ శాసనాల మీద, ఏడవ శతాబ్దంలో రాణి వాసట కట్టించిన లక్ష్మణ దేవాలయం మీద పరిశోధన చేయాలనుకున్నాను. ఇంతలో ఉద్యోగం వచ్చింది. నోటు పుస్తకాలను తాడుతో కట్టి అటక ఎక్కించాను. సిర్‌పూర్ ఇక్కడికి రెండు గంటల ప్రయాణమైనా లేదు. ఇరవై ఏళ్ళలో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ పైనుండి వచ్చిన అధికారులకు చూపించడానికే. ఆదివారాలు లేకపోలేదు. అడ్డుపడినవారు కూడా ఎవరూ లేరు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. భారత పర్వతారోహణ ఫౌండేషన్ ఆమోదించిన యాత్రలకు వెళ్ళే కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 30 రోజుల వరకు ప్రత్యేక ఆకస్మిక సెలవు ఇవ్వవచ్చునన్న నిబంధన ఉంది. సెలవుల ఫైళ్ళు చూసే నాకు అది కంఠతా వచ్చు. దాని కింద ఒక్క దరఖాస్తయినా ఇంతవరకు నా బల్ల మీదికి రాలేదు.

ఆ సాయంత్రం వాడిని కూర్చోబెట్టి ఉత్తరం రాయించాను. బతిమాలే వాక్యాలన్నీ కొట్టివేసి, 28 రోజులలో ఏ రోజున ఏ యంత్రం బాధ్యత ఎవరు చూస్తారో పట్టిక వేయమన్నాను. పట్టిక రెండు పేజీలు వచ్చింది. వారం తరువాత 12 రోజులు సెలవు మీద, తక్కినవి జీతనష్టం మీద మంజూరయ్యాయి.

"నచ్చజెప్పావా?" అని అక్క అడిగింది. "లేదక్కా. ఉత్తరం రాయించాను" అన్నాను. ఫోను పెట్టేసింది. పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజున ఫోను చేసి, రాయపూర్‌లో మంచి ఉన్ని మేజోళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.

వాడు వెళ్ళి నేటికి తొమ్మిది రోజులు. ఇసుక సంచి వరండాలోనే ఉంది. అడ్డంగా ఉంది, ఆ ఇసుక పూలకుండీలలో పోయిద్దామని మా ఆవిడ అంది. వాడు వచ్చేదాకా ఉండనీ అన్నాను.