గడ్డి కూడా బాకీ పెడుతుంది!

“గడ్డికి కూడా యూరియా వేస్తారా?” మా ఊరొచ్చిన ఫ్రెండ్స్ అందరూ అడిగే మాట ఇదే. గడ్డంటే దానంతటదే మొలుస్తుందని వాళ్ల లెక్క.

మాది అరెకరం సూపర్ నేపియర్. ఒక్కసారి కణుపులు నాటితే కొన్నేళ్లు కోసుకోవచ్చు. మొదటి కోత రెండు, రెండున్నర నెలలకి. తర్వాత నెలన్నరకోసారి. మా నాలుగు గేదెల మేత అదే. తమ్ముడి కాలేజీ ఫీజు వాటి పాలబిల్లులోంచే.

మరి ఊరికే వస్తుందా? ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. అయిదు టన్నుల పచ్చిగడ్డిలో నీళ్లు పోను ఎండు పదార్థం ఓ టన్ను ఉంటుందనుకుందాం. అందులో ప్రోటీన్ 10 శాతమైతే 100 కిలోలు. ప్రోటీన్‌లో నత్రజని 16 శాతం. అంటే 16 కిలోల నత్రజని మన చేతులతోనే కోసి పాకలోకి మోసుకొచ్చాం. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, అది 45 కిలోల బస్తాలో ముప్పావు వంతుకి సమానం. ప్రతి కోతా నేలకి పడే బాకీయే. తీర్చకపోతే పిలకలు సన్నబడతాయి, ఆకు పసుపెక్కుతుంది.

అలాగని ఒకేసారి కుమ్మరించకూడదు. మొన్న వేసవిలో బోరు సన్నగిల్లింది, పాలూ తగ్గాయి. “డబుల్ డోస్ వేద్దాం, గడ్డి లేస్తుంది” అన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. “తడి లేని గడ్డికి అంత యూరియా వద్దయ్యా. చూడిగేదె ఉంది” అంది.

అమ్మ భయంలో సైన్స్ ఉంది. నీళ్లందక ఎదుగుదల ఆగిన గడ్డిలో నత్రజని ప్రోటీన్‌గా మారదు, నైట్రేట్‌గానే పేరుకుపోతుంది. గేదె పొట్టలో అది నైట్రైట్ అవుతుంది. రక్తం ఆక్సిజన్ మోయలేక చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. ఎక్కువైతే గంటల్లో ప్రాణం పోవచ్చు, చూడిది ఈసుకుపోవచ్చు.

ఇప్పుడు మా పద్ధతి సింపుల్. కోత అవగానే తడి పెట్టి, కొంచెం యూరియా. పేడ ఎరువు తిరిగి చేలోకే. గట్టు పక్కన దశరథ గడ్డి. అది పప్పుజాతి కాబట్టి, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టిస్తాయి.

ఆ వేసవి పాలబిల్లు తగ్గింది, ఫీజుకి చేబదులు తెచ్చాం. చూడిగేదె మాత్రం ఆడదూడని ఈనింది.