టేపర్ ఎవరి చేతిది?



మొన్న ఒక ఐటీఐ తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు: "అన్నా, లేత్ మీద ఎంత జాగ్రత్తగా చేసినా జాబ్ టేపర్ వస్తోంది. అందరి ముందు నన్నే అంటున్నారు. ఏం చెయ్యాలి?" హాస్టల్ కథ వచ్చే వారం రాస్తా. ముందు ఇది.

టర్నర్ ట్రేడ్ చదివి బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో చేరాను. మూలకున్న పాత లేత్ నాకిచ్చారు. మంచి మిషన్లు ఓనర్ ఊరి పిల్లలకి. పని ఏమిటంటే 300 మిల్లీమీటర్ల షాఫ్టులు, రెండు సెంటర్ల మధ్య పెట్టి టర్నింగ్ చేయాలి. మొదటి రోజే 11 రిజెక్ట్. సూపర్‌వైజర్ మైక్రోమీటర్ బల్ల మీద పడేసి, "కోటాల వచ్చినోళ్ల చేతులు గిట్లనే ఉంటయ్" అన్నాడు. ఆ రోజు కూలి కోశారు.

నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. నా చేతుల మీద నాకే అనుమానం వచ్చింది. ఆ రాత్రి నిద్ర లేదు.

పక్క షెడ్డులో ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు. చెబితే నవ్వాడు. "ఒక్క ముక్క కొలిస్తే ఏం తెలుస్తది బేటా? అన్నీ కొలువు. రెండు కొసలా కొలువు. రాసుకో."

రాసుకున్నా. అన్నీ టెయిల్‌స్టాక్ వైపే లావు. తేడా 0.12, 0.12, 0.11, 0.12. చేయి తప్పితే ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంది. అన్నీ ఒకే వైపు, ఒకే అంత పోతున్నాయంటే చేతిది కాదు, సెట్టింగుది. టెయిల్‌స్టాక్ మన వైపు నుంచి అవతలికి జరిగి ఉందన్నమాట.

జరపాల్సింది 0.12 కాదు తమ్ముడూ, అందులో సగం, 0.06. మనం కొలిచింది వ్యాసం, సెంటర్ జరిగేది వ్యాసార్ధం మేరకే. బిగింపు నట్టు వదులు చెయ్యి, అవతలి పక్క స్క్రూ, ఇవతలి పక్క స్క్రూ చూసుకుంటూ ఒకటి వదిలి ఒకటి బిగించు. డయల్ గేజ్ ఆనించి చూడు. మళ్లీ బిగించి ఒక సన్న కోత వేసి కొలువు. ఒక్కసారికి కుదరదు, నాకు నాలుగుసార్లు పట్టింది. జాబ్ చక్‌లో మాత్రమే ఉండి టేపర్ వస్తుంటే టెయిల్‌స్టాక్ జోలికి పోకు. బెడ్ మెలి తిరిగిందేమో లెవెల్ పెట్టి చూడు.

కూతకొచ్చి జాబ్ మీద అలలు పడితే? టూల్ ఎంత బయటికి ఉందో చూడు, లోపలికి జరుపు. స్పీడు తగ్గించు. క్రాస్ స్లైడ్ ఊగుతుంటే జిబ్ బిగించు. ఫేసింగ్‌లో మధ్యన బొడిపె మిగిలితే టూల్ ఎత్తు సెంటర్‌కి లేదు. మిషన్ ఆపి, టూల్ కొసకీ జాబ్‌కీ మధ్య చిన్న స్టీల్ స్కేలు మెల్లగా ఆనించు. నిటారుగా నిలబడితే సరి. పై కొస జాబ్ వైపు వాలితే టూల్ ఎక్కువ ఎత్తులో ఉంది, నీ వైపు వాలితే కిందికి ఉంది. ఇది ఏ క్లాసులోనూ నాకు చెప్పలేదు, ఉస్తాద్ చెప్పాడు.

మర్నాడు షాఫ్టులన్నీ పాసయ్యాయి. నోటుబుక్ తీసి సూపర్‌వైజర్‌కి చూపించా. "మరి ముందే చెప్పొద్దా" అన్నాడు. కోసిన కూలి ఇవ్వలేదు.

స్క్రాప్ డబ్బాలో, నాకన్నా ముందు ఆ లేత్ మీద చేసిన పిల్లగాడి షాఫ్టులు తుప్పు పట్టి ఉన్నాయి. మా వాడల నుంచి వచ్చినవాడేనట. పని రానోడని మూడు నెలలకే పంపేశారు. మధ్యాహ్నం అన్నం తిని, ఐదు ముక్కలు తుడిచి కొలిచా. ఐదూ టెయిల్‌స్టాక్ వైపే లావు. అతనికి చెబుదామని ఊరు అడిగితే షెడ్డులో ఎవరికీ తెలియదు.