అమ్మ శొంఠిడబ్బా

మా ఊరు తిరువాలంగాడు. తమిళంలో ఆల్ అంటే మర్రి. మర్రిచెట్ల అడవిలో వెలసినాడు గనుక ఇక్కడి స్వామి వటారణ్యేశ్వరుడు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. సరిహద్దు మారినా మా ఇండ్లలో తెలుగూ మారలేదు, వంటింటి వైద్యమూ మారలేదు.

అమ్మకు ఒక శొంఠిడబ్బా ఉండేది. దగ్గు వస్తే శొంఠి, మిరియాలు, తులసి వేసి కాచిన కషాయం, చివర బెల్లంముక్క. కడుపుబ్బరానికి వాము, ఉప్పు నమిలించి వేడినీళ్ళు త్రాగించేది. కాలి పగుళ్ళకు మర్రిపాలు. పసిబిడ్డ ఏడ్పు మానకపోతే వస. దానిని తమిళులు ‘పేరు చెప్పని మందు’ అని కూడా అంటారు. చీకటి పడితే అమ్మ సైతం ఆ పేరు పలికేది కాదు. వసకొమ్మును దీపం మీద కాల్చి, సానరాతి మీద అరగదీసి, తేనెతో నాలుకకు రాసేది.

నిరుడు మా మనుమడికి నాలుగవ నెల. ఒక రాత్రంతా ఒకటే ఏడ్పు. మేము వసకొమ్ము కాల్చి, తేనెసీసా తీశాము. కోడలు బిడ్డను గుండెకు హత్తుకొని, “వద్దు అత్తమ్మా” అన్నది. ఆ మాట ములుకులా తగిలింది. “నీ మొగుణ్ణి పెంచింది ఈ మందేనమ్మా” అని విసురుగా అన్నాము.

మర్నాడు డాక్టరుగారు బిడ్డ చెవిలోనికి దీపం వేసి చూచి, చీము పట్టిందన్నారు. వస సంగతి చెప్పగా, పసివాళ్ళకు అది పెట్టవద్దన్నారు. ఏడాది నిండేవరకు తేనె ఒక్క చుక్కైనా తగదట. అందులో ఒక్కొక్కప్పుడు ఉండే సూక్ష్మజీవుల బీజాలు పసిపేగులలో మొలిచి, విషం పుట్టించి, కండరాలను చచ్చుపరుస్తాయట. మా చేయి వణికింది.

దారిలో అమ్మ జ్ఞాపకం వచ్చింది. మా తమ్ముడు మర్రికొమ్మ మీద నుండి పడి చేయి విరుగగొట్టుకొన్ననాడు ఆమె డబ్బామూతైనా తీయలేదు. అరక్కోణంలో రైలు మారి, పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చింది. “నా డబ్బాకు హద్దుంది” అన్నది. మేము డబ్బాను దాచుకొన్నాము గాని, ఆ హద్దును మరచిపోయాము.

ఇప్పుడు డబ్బా కోడలి చేతిలో ఉన్నది. శొంఠి, మిరియాలు, వాము అలాగే ఉన్నవి. వసకొమ్ము లేదు. మొన్న మాకు జలుబు చేస్తే తానే కషాయం కాచి ఇచ్చి, “మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోదాము అత్తమ్మా” అన్నది. మేము మారు పలుకలేదు. బెల్లం మాత్రం అమ్మకంటె కాస్త ఎక్కువే వేసింది.