ఆథర్ అన్న చోట ఎవరి పేరు?

గిట్ వాడడం మొదలుపెట్టగానే అది మన పేరూ ఈమెయిలూ అడుగుతుంది. ఆ తర్వాత మనం భద్రపరిచే ప్రతి మార్పు పక్కనా ఆ పేరే ‘ఆథర్’గా పడుతుంది. సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని, ఆ మాట కనబడితే ఊరుకోలేను.

ఏటూరునాగారంలో (ఒకప్పటి వరంగల్, 2019 నుంచి ములుగు జిల్లా) మేం చేసింది చిన్న ప్రోగ్రాం. కోయ మాట కొడితే తెలుగు అర్థం చూపిస్తుంది, పలికి వినిపిస్తుంది. కోడ్ రాసింది డిగ్రీ చదివిన కోయ అమ్మాయి. మాటల్ని తెలుగు లిపిలో పెట్టింది నేను. మాటలూ గొంతులూ ఇచ్చింది గూడేల్లోని పదకొండుమంది ఆడవాళ్ళు. రెండేళ్ళుగా అంతా ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంది. అది పాడైతే ఎలా అని గిట్‌హబ్‌లోకి ఎక్కిద్దామనుకున్నాం. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షల పైనే. వాళ్ళలో ఎవరైనా దీన్ని తీసుకుని పెంచాలంటే కోడ్ అందరికీ అందాల్సిందే.

కోడ్ సరే, గొంతుల మాటేమిటి? ‘కొట్టు’ అన్న క్రియకి ఉదాహరణ అడిగితే ఒకామె తన పెనిమిటి సంగతే చెప్పింది. వ్యాకరణానికి అది చక్కటి వాక్యం. 1986 నాటి ‘మనకు తెలియని మన చరిత్ర’ లాంటి పుస్తకంలో స్త్రీల మాటలు అచ్చులో చదువుతాం. ఇక్కడ గొంతే వినబడుతుంది. పేరు తీసేసినా ఊరు గుర్తుపడుతుంది.

ఎక్కించకముందే ఎవరివి వాళ్ళకి వినిపించాం.

“గిది ఎవలెవలు ఇంటరు బిడ్డా?” అందామె.

“ఎవరైనా వినొచ్చమ్మా, అమెరికావాళ్ళైనా.”

“అమెరికోళ్ళు ఇంటే నాకేంగాదు. మా ఊరోళ్ళు ఇంటరా?”

ఆమెతో కలిపి ముగ్గురు తమ గొంతులు వద్దన్నారు. ఫైలు తీసేస్తే చాలదు. 2005లో పుట్టినప్పట్నుంచీ గిట్ గుణమే అది, పాత రూపాలన్నీ దాచుకుంటుంది. ఒకసారి పబ్లిక్ అయ్యాక ఎవరు కాపీ చేసుకున్నారో మనకి తెలియదు. చరిత్ర మొత్తం వదిలేసి కొత్తగా మొదలుపెడదామన్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. “రెండేళ్ళ నా పని తేదీలతో సహా అందులోనే ఉందక్కా. రేపు ఉద్యోగానికి ఏం చూపించను?” ఆ మాటా న్యాయమే. ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో రెండు రాత్రులు కూర్చుని, ఆ మూడు గొంతుల్నీ పాత రూపాలన్నింట్లోంచీ తీసేసింది. తన తేదీలు తనకి మిగిలాయి.

ఇక పేర్లు. 2018 నుంచి గిట్‌హబ్‌లో సహరచయితల్ని చేర్చవచ్చు, కానీ దానికీ ఈమెయిల్ కావాలి. పదకొండుమందిలో ఒక్కరికీ లేదు! అందుకని రీడ్‌మీ ఫైల్లో రాద్దామని ఎట్లా రాయాలో అడిగాం. కొందరు పేరన్నారు, ఇద్దరు గూడెం పేరు చాలన్నారు. పెనిమిటి సంగతి చెప్పినామె మాత్రం తన పేరు వద్దంది. “ఈ మాటలు మాయమ్మ నేర్పినయి, ఆమె పేరు రాయి” అంది. ఆ తల్లి చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పేరే మొదట రాశాం.