బండి పాపది, కొలతలు నావి

పుష్‌చైర్‌ని తెలుగులో ఏమనాలి? బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని కదా, బండి కొనకముందే నాకీ ప్రశ్న వచ్చింది. తోసేది కాబట్టి తోపుడుబండి అందామంటే, మా తార్నాకలో ఆ పేరు టమాటాలూ జామకాయలూ అమ్మే బండికి ఎప్పుడో ఖాయమైపోయింది. మూడు చక్రాల బండి అందామంటే, అది పిల్లలు నిలబడి పట్టుకుని నడక నేర్చుకునే చెక్కబండి. మా అత్తయ్యగారిది అనకాపల్లి వైపు. పెద్దాడి మొదటి పుట్టినరోజుకి ఆవిడ తెచ్చింది ఆ చెక్కబండే. దాన్ని ఇప్పటికీ అటక మీద దాచారు. ఈ పేర్ల గొడవంతా అయ్యాక మా ఇంట్లో దీన్ని ఒట్టి "బండి" అంటున్నాం.

అసలు ఇంత వయసులో నాకు బండి అవసరం ఏమిటంటారా? నాకు నలభై మూడు. పెద్దాడు ఇంటర్ రెండో సంవత్సరం. చంటిదానికి పదకొండు నెలలు. అవునండీ, ఇద్దరికీ అంత ఎడం. చూసినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత "ఓపిక ఉందా?" అని అడుగుతారు. ఓపిక సంగతి అలా ఉంచితే, కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక తగ్గింది. కానీ అలా వచ్చి తగ్గినవాళ్లకి తర్వాత కాలంలో మధుమేహం పూర్తిగా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. అందుకే డాక్టరమ్మ మందు బిళ్లేమీ రాయకుండా నడక రాసింది. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ చెప్పే లెక్క కూడా అదే, వారానికి కనీసం 150 నిమిషాలు.

చెప్పడానికి అరగంటే. ఆ అరగంట పాపని ఎవరు చూస్తారు? పెద్దాడు పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కేస్తాడు. మావారి లంచ్ బాక్సు ఎనిమిదింటికి సిద్ధంగా ఉండాలి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కూర్చుని ఆడిస్తారు గానీ లేచి ఎత్తుకోలేరు. "పాప పడుకున్నాక వెళ్లిరా" అంటారు అందరూ. పడుకున్న పాప మనం చెప్పులు వేసుకున్న చప్పుడికే లేస్తుందని వాళ్లకేం తెలుసు! పోనీ చంకనేసుకుని నడుద్దామంటే, తొమ్మిది కిలోల పిల్లని ఒక పక్క మోస్తూ అరగంట నడిస్తే షుగర్ ఏమోగానీ నడుం ముందు పోతుంది. పిల్లని తీసుకునే నడవాలి, కానీ మోయకూడదు. బండి మాట అలా వచ్చింది.

ఇంట్లో సభ పెట్టాం. మావారు, "నాలుగు చక్రాలది, గొడుగులా ముడుచుకునేది కొందాం. తేలిక, చవక, రైల్లో కూడా పెట్టుకోవచ్చు" అన్నారు. పెద్దాడు ఫోన్లో వీడియోలు పెట్టి, "అమ్మా, మూడు చక్రాలది చూడు, ఎంత స్టైలుగా ఉందో" అన్నాడు. అత్తయ్యగారు రెండూ చూశారు. "నలుగుర్ని పెంచానమ్మా, ఒక్కరికీ బండి లేదు. చంక లేదేటి?" అన్నారు. ఆ మాట అంటూనే ఒక చేత్తో మోకాలు రుద్దుకుంటున్నారు. కాసేపాగి, ఎవరూ ఏమీ అనకుండానే, "అప్పట్నుంచే పోయిందనుకో ఈ నడుం" అన్నారు మెల్లగా. ఆ తర్వాత బండి వద్దన్నవాళ్లు లేరు. ఏ బండి అన్నదే మిగిలింది.

దుకాణంలో మొదట అడిగేది పాప వయసు. తర్వాత రంగు. ఆ బండిని రోజూ తోసేది ఎవరు, ఏ దారిన తోస్తారు అని నన్ను ఎవరూ అడగలేదు. అందుకని నేనే ముందు దారి చూసుకున్నాను.

మా వీధి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలే అసలు పరీక్ష. ఫుట్‌పాత్ ఉంటుంది, దాని మీద ఒక స్కూటర్, ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఇడ్లీ బండి కూడా ఉంటాయి. పలకరాళ్లు ఒకటి లేచి ఒకటి కుంగి ఉంటాయి. ఫుట్‌పాత్ దిగాలంటే జానెడు ఎత్తు. ఒక్కదాన్నే నడిచేటప్పుడు వీటిని గమనించం, కాళ్లు వాటంతటవే దాటేస్తాయి. చక్రాలతో వెళ్లాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. కర్రపట్టుకుని నడిచే పెద్దవాళ్లూ, వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లూ రోజూ ఇదే దారిలో ఎలా వెళ్తున్నారో అప్పుడు ఆలోచన వస్తుంది.

క్యాంపస్‌లోకి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం, పెద్ద పెద్ద చెట్లు, వెడల్పాటి రోడ్లు. పొద్దున్నే నడిచేవాళ్లు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగులు తీసే కుర్రాళ్లు, చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న పిల్లలు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ఎదురుగా నిలబడితే, ఎన్నిసార్లు చూసినా ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది. అయితే అక్కడా స్పీడ్ బ్రేకర్లున్నాయి, రోడ్డు పక్కన మట్టి దారులున్నాయి, వానాకాలంలో రాలిన కొమ్మలూ కాయలూ ఉంటాయి. మాల్‌లో నున్నటి గచ్చు మీద తిరిగే చిన్న చక్రాలు ఇక్కడ ప్రతి గులకరాయికీ ఆగిపోతాయి.

మూడు చక్రాలు ఎందుకు మేలో నాకు అర్థమైంది ముక్కాలిపీట వల్ల. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఒక కాలు గాల్లో ఉండి టకటకమంటుంది. ముక్కాలిపీట ఎక్కడ వేసినా మూడు కాళ్లూ నేలకి ఆనతాయి. మూడు చక్రాల బండీ అంతే. పైగా వీటికి చక్రాలు పెద్దవి, చాలావాటికి గాలి ట్యూబులు. చక్రం ఎంత పెద్దదైతే గుంతలో అంత తక్కువ దిగుతుంది. ముందు ఒక్కటే చక్రం కాబట్టి ఒక్క చేత్తో కూడా దారి మళ్లుతుంది.

అన్నీ మంచి గుణాలే అనుకోకండి. మన ఆటోలు మలుపులో జోరుగా తిరిగితే ఎలా ఒరుగుతాయో చూశాం కదా. ఇదీ మూడు చక్రాలదే. వేగంగా మలుపు తిప్పితే ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకే వెనక చక్రాల మధ్య ఎడం ఎక్కువున్నదీ, సీటు మరీ ఎత్తుగా లేనిదీ చూసుకోవాలి. బరువు కూడా ఎక్కువే, నేను చూసినవాటిలో పదీ పన్నెండు కిలోలవి కూడా ఉన్నాయి. మెట్ల ఇంట్లో రెండో అంతస్తులో ఉండేవాళ్లకి, రోజూ బస్సో ఆటోనో ఎక్కేవాళ్లకి మావారు చెప్పిన గొడుగు బండే నయం. అందులో నాకు సందేహం లేదు.

ఈ బండ్ల కథ చదివితే ఒక విషయం సరదాగా అనిపించింది. గొడుగులా ముడుచుకునే బండిని 1965లో తయారుచేసింది ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండ్ తాతగారు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు. కూతురు మనవరాలితో వచ్చినప్పుడు ఆ బరువైన పాత బండితో పడే అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో తేలిగ్గా మడిచేది చేశారు. పరుగెత్తడానికి పనికొచ్చే మూడు చక్రాల బండిని 1980లలో అమెరికాలో ఫిల్ బేక్లర్ అనే విలేకరి చేశారు. బిడ్డని వదలకుండా తన పరుగు తను సాగించడానికి బండికి సైకిల్ చక్రాలు బిగించారట. రెండు బండ్లూ తోసేవాళ్ల కష్టంలోంచి పుట్టినవే. కొనేటప్పుడు మాత్రం మనం తోసేవాళ్లని మర్చిపోతాం.

అందుకని నా కొలతలు తీసుకున్నాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, మావారిది ఐదడుగుల పది. పట్టుకునే కమ్మీ ఎత్తు మార్చుకునే వీలు లేకపోతే మా ఇద్దరిలో ఒకరు వంగాలి, ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు. కమ్మీ నడుముకీ బొడ్డుకీ మధ్యలో ఉంటే మోచేతులు కాస్త వంగి, భుజాలు పైకి లేవకుండా ఉంటాయి. పెద్ద అడుగు వేసి చూశాను, కాలు వెనక ఇరుసుకి తగలకూడదు. తర్వాత లిఫ్టు తలుపు కొలిచాను. మాది 70 సెంటీమీటర్లు. మనసుపడ్డ ఒక బండి అక్కడే ఆగిపోయింది.

చివరికి మా పై అంతస్తు ఆవిడ కూతురు అమెరికా నుంచి తెచ్చి వదిలేసిన మూడు చక్రాల బండి దొరికింది. పాత వస్తువు కదా, వెంటనే పాపని కూర్చోబెట్టలేదు. పది కిలోల బియ్యం సంచి కూర్చోబెట్టి, బెల్టులన్నీ పెట్టి, వీధి చివరిదాకా తోసుకెళ్లాను. ఎత్తు దించాను, ఎక్కించాను, వాలులో బ్రేకు వేసి వదిలి చూశాను. బాల్కనీలోంచి అత్తయ్యగారు, "ఏటమ్మా, బియ్యాన్ని ఊరేగిస్తున్నావా?" అని ఒకటే నవ్వు. వీధిలో ఇస్త్రీ బండి దగ్గర నలుగురు కూడా నవ్వారు. నవ్వనిచ్చాను. బ్రేకు పట్టింది, మడత కొక్కెం గట్టిగా ఉంది, బెల్టు బకిల్ రెండుసార్లు లాగినా ఊడలేదు. టైర్లు మాత్రం పగుళ్లిచ్చాయి. సైకిల్ షాపతను చక్రం చూసి, "పిల్లల సైకిల్ సైజే కదమ్మా" అని అరగంటలో టైర్లూ ట్యూబులూ మార్చి ఇచ్చాడు.

కొనబోయేవాళ్లకి నేను తెలుసుకున్న నాలుగు మాటలు. భుజాల మీదుగా, నడుం చుట్టూ, కాళ్ల మధ్యగా వచ్చే ఐదు పట్టీల బెల్టు ఉండాలి, రెండు నిమిషాల దూరమైనా పెట్టాలి. కమ్మీకి కూరగాయల సంచులు తగిలించొద్దు, పాపని దించగానే బండి వెనక్కి పడుతుంది. వెనకాల సంచీ ఉంటుంది, కిందనే పెట్టుకోండి. ఎండ తగులుతుందని బండి మీద చున్నీ కప్పేస్తుంటాం, దాంతో లోపల గాలాడక వేడి పెరిగిపోతుంది. బండికున్న టోపీ చాలు, లేకపోతే ఎండ ఎక్కకముందే ఇంటికి రావాలి. మీవారు దీన్ని తోస్తూ పరుగెత్తుతానంటే, బిడ్డకి కనీసం ఆరు నెలలు నిండాలి, మెడ గట్టిగా నిలబడాలి, డాక్టర్ని అడగాలి. కొన్ని కంపెనీలు ఎనిమిది నెలలంటాయి. ముందు చక్రం లాక్ చేసి, బండికున్న తాడు మణికట్టుకి వేసుకున్నాకే పరుగు.

ఇప్పుడు పొద్దున్న ఆరుంపావుకి నేనూ పాపా బయల్దేరుతున్నాం. కుక్కర్ ముందే పెట్టేస్తే, లంచ్ బాక్సులో అన్నం మావారే సర్దుకుంటున్నారు. బండిలో కూర్చున్న పాప కుక్కల్నీ, ఉడతల్నీ, పరుగెత్తే కుర్రాళ్లనీ అందర్నీ పలకరిస్తుంది. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర గడ్డి కనిపిస్తే దించేస్తాను, కమ్మీ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. "బండి ఎక్కితే పిల్లకి నడక రాదు" అన్నవాళ్లకి ఆ నాలుగడుగులే నా జవాబు. అటక మీది చెక్కబండిని కూడా అత్తయ్యగారు దింపించి తుడిపించారు. ఇంట్లో అది, బయట ఇది.

మూడు నెలలకొకసారి రక్తపరీక్ష ఉంది. మొన్నటిది బాగానే వచ్చింది. ముందు ముందు ఎలా వస్తుందో చెప్పలేను, కానీ నడక మాత్రం నా చేతిలో ఉంది. పిల్ల కోసం అంటే ఇంట్లో ఎంత ఖర్చుకైనా ఒప్పుకుంటారు, నా కోసం అంటే మనమే ముందు వెనకాడతాం. ఈ ఒక్క బండి విషయంలో మాత్రం ఇది నా కోసం కూడా అని పైకి చెప్పాను. చెబితే ఎవరూ కాదనలేదు.

ఇంకో ఏడాదికో రెండేళ్లకో పాప బండిలో కూర్చోనని మొండికేస్తుంది. అప్పుడు దీన్ని ఇంకెవరికైనా ఇచ్చేయాలి. ఇచ్చేముందు ఆవిడ ఎత్తెంతో, వాళ్ల లిఫ్టు తలుపు ఎంత వెడల్పో అడుగుతాను.